తౌడు పోసి కొనని అక్క

సమస్త ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: హుజూరాబాద్ సాలెవాడ నివాసి, పెంటయ్య అనబడే నేను, కొద్దిరోజులుగా నా చాయ నేనే కాచుకొనుచున్నాను. సదరు చాయలో చక్కెర ఎక్కువైనా, పాలు పొంగి పొయ్యి ఆరినా, గిన్నె అడుగు మాడినా పూర్తి బాధ్యత నాదే. ఈ విషయంలో మా అవ్వ గానీ, మా ఇంటావిడ గానీ, ఇరుగుపొరుగు గానీ జోక్యం చేసుకొనరాదు. చేసుకొన్నచో వారి చాయ కూడా నేనే కాచెదను. వారు తాగవలసి వచ్చును.

డప్పు కొట్టి చాటాల్సినంత సంగతా ఇది అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. కానీ ఈ చాటింపు విని నిజంగా నవ్వాల్సిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె ఇప్పుడు లేదు. ఇచ్చోడలో ఉండే మా అక్క చనిపోయిందని పోయిన నెల తంతి వచ్చింది.

తంతిలోని ఇంగ్లీషు ముక్కలు చదివి చెప్పిన పోస్టుమాస్టరు గారి మాట నేను నమ్మలేదు. మా ఊళ్లో లేనిపోని కబుర్లు పుట్టించి జనాన్ని ఉరికించేది నేనే కాబట్టి, ఎవరో నా విద్య నా మీదే వాడారనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం చూశాక బస్టాండుకు ఉరికాను. కరీంనగర్‌లో ఒక బస్సు, నిర్మల్‌లో ఒక బస్సు మారి, కొండల మీది ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఎక్కి ఇచ్చోడ చేరేసరికి అంతా అయిపోయింది.

ఎలా పోయిందని మా బావను అడిగాను. పొద్దున లేచి, ఎండ తగిలే చోట వాకిట్లో చాప వేయమన్నదట. వేశాక ఎత్తుకు తీసుకెళ్తానని ఆయన వంగితే వద్దని, గోడ పట్టుకుని తనే నడిచి వచ్చి పడుకున్నదట. కాసేపటికి చూస్తే లేదు. అది విన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కుళ్లు వచ్చింది. నాకు జలుబు చేస్తే నలుగురు పట్టుకుని మంచం మార్చాలి. ఈమె చావు దగ్గరికి కూడా తన కాళ్ల మీద తనే నడిచి పోయింది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు గౌరవంతోనో కృతజ్ఞతతోనో మొదలుపెట్టాలని పెద్దలంటారు. అవీ ఉన్నాయి, వెనకాల వస్తున్నాయి. ముందు వరసలో మాత్రం కుళ్లే నిలబడి ఉంది. జరగమంటే జరగడం లేదు. ఒకే అవ్వ కడుపున పుట్టి, ఒకే ఇంట్లో పెరిగి, ఆమె అలా ఎందుకైంది, నేను ఇలా ఎందుకయ్యాను అన్నదే నా కుళ్లు. దాని సంగతి చెప్పాలంటే తౌడు దగ్గర మొదలుపెట్టాలి.

మా అవ్వకు అక్క కంటే ముందొక మగపిల్లవాడు, అక్క తర్వాత ఒక మగపిల్లవాడు పుట్టి పోయారు. మధ్యలో పుట్టిన అక్క ఏ మొక్కూ లేకుండానే దక్కింది. ఆ తర్వాత నేను పుట్టాను. పుట్టినవాడు దక్కాలంటే మా వైపు ఒక పద్ధతి ఉంది. బిడ్డను తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెడతారు. వీడు మాకు అక్కర్లేదు, పారేశాం అని పైవాడికి చెప్పడమన్నమాట. పక్కింటామె వచ్చి ఎత్తుకుంటుంది. కన్నతల్లి చాటెడు తౌడు పోసి ఆమె దగ్గర బిడ్డను మళ్లీ కొనుక్కుంటుంది. అలా కొన్నవాడికి పెంటయ్య అని పేరు పెడతారు. ఆ పేరు వింటే చావుకు కూడా అసహ్యం పుట్టి దగ్గరికి రాదని నమ్మకం. నా విషయంలో ఆ నమ్మకం ఇప్పటిదాకా పనిచేస్తూనే ఉంది.

తౌడు పోసి కొన్న సరుకును ఎవరైనా జాగ్రత్తగానే చూసుకుంటారు. అవ్వ నన్ను కింద పెట్టలేదు. మా దగ్గర దాన్ని గావురం అంటారు. నాకు జరిగిన గావురం సాలెవాడ మొత్తం మీద ఎవరికీ జరగలేదు. బడిలో పంతులు బెత్తం ఎత్తాడని అవ్వ బడికే వచ్చి నన్ను ఎత్తుకుపోయింది. అందుకే నాకు ఉర్దూ సగం, తెలుగు సగం వచ్చు. రెండూ కలిపినా ఒకటి కాదు. నేను మా బాపు, అంటే నాన్న, కూర్చుని నేసే మగ్గం గుంటలో దిగుతానంటే, గుంటలో తేమ ఉంటుందని, కాళ్లు పట్టుకుపోతాయని దిగనిచ్చేది కాదు. ఇక అన్నమంటారా, పంతొమ్మిదేళ్లు వచ్చి మీసం దువ్వుకునే రోజుల్లో కూడా అవ్వ కలిపి ముద్ద చేసి నోట్లో పెట్టేది. నేను ఒక చేత్తో మీసం దువ్వుకుంటూ తినేవాణ్ణి.

అక్కకు ఇవేవీ లేవు. ఆమె చిన్నప్పుడే రాట్నం ముందు కూర్చుని నేతకు నూలు కండెలు చుట్టేది. నీళ్లు తెచ్చేది, పేడ కళ్లాపి చల్లేది, తన అన్నం తను పెట్టుకుని, గోడకు ఆనుకుని తిని, కంచం తనే కడిగి బోర్లించేది. అవ్వకు ఆమె అంటే ఇష్టం లేక కాదు. భయమంతా నా మీద ఖర్చయిపోయి, ఆమె మీద పెట్టడానికి మిగల్లేదు. నేను చిన్నతనంలో అక్కను ఏడిపించడానికి, నన్ను తౌడు పోసి కొన్నారు, నిన్నెవరూ కొనలేదు అని పాట కట్టి పాడేవాణ్ణి. ఆమె కండె తిప్పుతూనే ఒకసారి తల ఎత్తింది.

"అవురా. నిన్ను అమ్మిండ్రు, కొన్నరు. నన్ను ఎవ్వలు అమ్మలే, ఎవ్వలు కొనలే. నాది నేనే."

అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. ఏదో ఓడిపోయానని మాత్రం తెలిసింది. ఆ రోజు ఆమె కండెల బుట్టలో కప్పను పెట్టాను. ఆమె కప్పను తీసి వాకిట్లో వదిలేసి మళ్లీ రాట్నం పట్టుకుంది. కనీసం అరిచినా నాకు తృప్తిగా ఉండేది.

చిన్న వయసులోనే ఆమె పెళ్లయి ఇచ్చోడకు పోయింది. మా బావ వారంవారం సాగే అంగళ్లు తిరిగి బట్టలమ్మేవాడు. పోలీసు యాక్షన్ అయిన ఏడు బాపుకు కుడిచెయ్యి పడిపోయింది. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. నేను గుంటలో దిగాను. అవ్వ గుంట పక్కన కూర్చుని ఏడుస్తూనే ఉంది. పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరితే అది మగ్గం దాటి వెళ్లి కోడికి తగిలింది. పడుగులో పోగు తెగింది. తెగిన పోగు రెండు కొసలు పట్టి మెలిపెట్టి అతకాలి. సాలోళ్ల ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ వచ్చే పని అది. నా వేళ్లకు రాలేదు. ఒక పోగు అతకబోయి పక్కన నాలుగు తెంపాను. అవ్వ నన్ను గుంటలో నుంచి లాగి, వేళ్లు నొప్పి పెడుతున్నాయా అని ఊదింది.

కబురు అంది అక్క వచ్చింది. సంచి గోడకు తగిలించి, మంచంలో ఉన్న బాపును పలకరించి, చీర కుచ్చిళ్లు బిగించి గుంటలో దిగింది. మా కులంలో ఆడవాళ్లు కండెలు చుడతారు గానీ గుంటలో కూర్చోరు. సాయంత్రానికి కులం పెద్ద వాకిట్లోకి వచ్చాడు.

"ఆడిపిల్ల గుంటల దిగుడు మన కులంల లేదు బిడ్డా."

అక్క నాడె ఆపలేదు. "మరి ఆకలైతే బువ్వ దినుడు మన కులంల ఉన్నదా పెద్దయ్యా?"

ఆయన బాపుకు ఎలా ఉందని అడిగి వెళ్లిపోయాడు. నేను మాత్రం తట్టుకోలేకపోయాను. బాపు మంచంలో నుంచి మగ్గం చప్పుడు వింటున్నాడు. ఆయన ముఖం ఎలా ఉందో చూశాను. నేను పుట్టినప్పటి నుంచి ఆ ముఖం నా వైపు ఒక్కసారి కూడా అలా తిరగలేదు. మర్నాడు అక్క బుట్టలోని తెల్ల కండెల మధ్య అడుగు నుంచి ఎర్ర కండెలు కలిపాను. నా చేష్టలు సాలెవాడకు కొత్త కాదు కాబట్టి ఎవరు చేశారో అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఆమె నన్ను పిలిచి, తెల్లారకముందు చీకట్లో తెలియక నేసిన ఎర్ర వరసలు చూపించి, విప్పమన్నది. నేను కూర్చున్నాను. ఒక్క పోగు లాగానో లేదో అవ్వ వచ్చి నన్ను లేపి, తను కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. అప్పుడే అక్క గొంతు పెంచకుండా ఒక మాట అన్నది.

"అవ్వా, వాని చెయ్యి వాని దగ్గర్నే ఉండనియ్యి."

అవ్వకు ఆ మాట వినపడలేదో, వినపడనట్టు ఉందో. పోగులన్నీ తనే విప్పింది. నేను పక్కన కూర్చుని పల్లీలు తిన్నాను.

బాపు చెయ్యి కొంత తేరుకున్నాక అక్క ఇచ్చోడకు తిరిగి వెళ్లింది. బాపు ఎడమచేత్తో తంటాలు పడుతూ నేశాడు, కొన్నేళ్లకు పోయాడు. ఇంకా హైదరాబాదు రాష్ట్రమే ఉన్న రోజుల్లో అక్క దగ్గర నుంచి నాకు పిలుపు వచ్చింది. ఉట్నూరు అంగడి కోసం బావ అక్కడొక గది తీసుకుని బట్టల మూటలు పెట్టాడు. వాటి దగ్గర ఉండి అమ్మడానికి మనిషి కావాలి. తమ్మి వస్తే వాని బతుకు వాడు బతుకుతాడని అక్క కబురు. అవ్వ అన్నం మానేసింది. ఆ అడవిలో నా కొడుక్కు ఎవరు వండి పెడతారని వాడంతా తిరిగి అడిగింది. నేను వెళ్లాను. స్వతంత్రంగా బతకాలన్న గొప్ప కోరిక ఉండి కాదు. అక్కకు వచ్చింది నాకు ఎందుకు రాదన్న కుళ్లుతో వెళ్లాను. కుళ్లు కూడా ఒక్కోసారి మనిషిని బస్సు ఎక్కిస్తుంది.

ఉట్నూరులో మొదటి రోజులు అటుకులు, బెల్లంతో గడిచాయి. ఒకరోజు ధైర్యం చేసి మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించాను. కట్టెలు పచ్చివని నాకు తెలియదు. గదిలో నుంచి వచ్చిన పొగ చూసి, పక్కనుండే మరాఠీ ముసలమ్మ ఇల్లు అంటుకుందనుకుని బిందెడు నీళ్లు తెచ్చి గుమ్మరించింది. పొయ్యి ఆరింది, నేను తడిశాను, ఒక మూట బట్టలు తడిశాయి. అప్పటి నుంచి ఆమె నన్ను చూసినప్పుడల్లా బిందె మీద చెయ్యి వేసేది.

అంగడి రోజు అక్క వచ్చింది. ఆమె అంగట్లో కూర్చుంటే చూడాలి. ఒకామెతో మరాఠీ, ఇంకొకామెతో గోండి, నాతో తెలుగు. ఎవరి మాట వాళ్లకే ఇచ్చేది. సరుకు అమ్ముడుపోయాక గదికి వచ్చి మూట మీద కూర్చుంది. ఇక వండుతుందని నేను గోడకు చేరగిలబడ్డాను. ఆమె కూడా గోడకు చేరగిలబడింది.

"అక్కా, ఆకలైతుందే."

"నాకు గూడ ఐతుంది. ఏం వండినవ్?"

"నాకు వండుడు రాదు గద."

"అవ్వ కడుపుల ఉన్నప్పుడు నాకు గూడ రాకుండె."

నేను అలిగాను. ఆమె నా అలకను చూస్తూ కూర్చుంది. దాన్ని అవ్వ అయితే వెంటనే కొనుక్కునేది. అక్క కొనలేదు. చివరికి నేనే లేచి బియ్యం కడిగాను. నీళ్లెన్ని పోయాలని అడిగాను. బియ్యం మీద వేలు ఆనించి, నీళ్లు వేలి మొదటి గణుపు దాకా రావాలన్నది.

"ఎవ్వలి ఏలు?"

"నీ ఏలే. నా ఏలు నేను బస్సుల తీస్కపోత."

ఆ అన్నం సగం మాడింది, సగం పలుకు. అక్క కంచంలో పెట్టుకుని మొత్తం తిన్నది. మెచ్చుకోలేదు, వెక్కిరించలేదు. కంచం కడిగి, ఎండుకట్టెలు ఎక్కడ దొరుకుతాయో చెప్పి బస్సెక్కింది. ఆమె మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఆ కోపంలోనే మర్నాడు మళ్లీ వండాను. ఆ తర్వాత కూడా వండాను. నా వేలి గణుపు నాకు అర్థమవసాగింది. ఒకరోజు గిన్నె మూత తీస్తే అన్నం మెతుకు మెతుకు విడిగా ఉంది. నేను ఆ గిన్నె పట్టుకుని పక్కింటి ముసలమ్మకు చూపించి వచ్చాను. ఆమె బిందె మీద నుంచి చెయ్యి తీసింది.

అట్లాంటి ఒక అంగడి రోజు నేను వండుతుంటే, అక్క మూటలు సర్దుతుంటే, అవ్వ వచ్చింది. మామిడి తొక్కు జాడీ చంకలో పెట్టుకుని, ఎవరినో బతిమాలి జీపెక్కి, హుజూరాబాద్ దాటి ఎన్నడూ ఎరగని మనిషి ఉట్నూరు దాకా వచ్చింది. మసి అంటిన నా చేతులు చూసి గుమ్మంలోనే కూలబడింది. నా కొడుకు చేతులు చూడండ్రి అని ఎవరూ లేని వీధికి చెప్పింది. కాసేపటికి తేరుకుని, నేను వండిన అన్నమే కంచంలో వేసి, తను తెచ్చిన తొక్కు కలిపి, ముద్ద చేసి నా నోటి ముందు పెట్టింది.

నేను అక్క వైపు చూశాను. ఆమె నన్ను చూడడం లేదు, అన్నం వైపు చూస్తోంది. ఆ అన్నం ఎంత బాగా ఉడికిందో ఆ గదిలో ఆమెకూ నాకూ మాత్రమే తెలుసు. నాకు వండుకోవడం వచ్చు అవ్వా, నేను తింటాను అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ అవ్వ చెయ్యి అప్పటికే పెదవుల దాకా వచ్చింది. తొక్కు వాసన వచ్చింది. నోరు తెరిచాను.

అక్క మూట ముడి వేస్తూనే అన్నది. "మళ్ల కొనుక్కున్నది రా నిన్ను. గీసారి తౌడు గూడ పోయలే."

ఆ సాయంత్రం అవ్వతో పాటు బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. తర్వాత నాకు పెళ్లయింది. అవ్వ చేతుల్లో నుంచి మా ఆవిడ చేతుల్లోకి మారాను, అప్పుడూ ఎవరూ తౌడు పోయలేదు. నూలు బండ్ల వెంట తిరిగి సాయంత్రం చాయ దుకాణంలో పదిమందినీ నవ్వించడం నా బతుకైంది. నా చేష్టలకు ఊరు నవ్వుతుంది గానీ, చేతికి పని లేని పిల్లవాడు పెద్దయితే చేసేది ఇంకేముంటుంది?

ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఒకసారి ఇచ్చోడ వెళ్లాను. నా మేనకోడలు అప్పటికి చిన్నపిల్ల. చిన్న చెంబుతో నీళ్లు తెస్తూ వాకిట్లో జారి పడింది. నేను ఉరకబోయాను. అక్క నా భుజం పట్టుకుని ఆపింది.

"పడ్డది. లేస్తది."

పిల్ల ఏడుపు ముఖం పెట్టి మమ్మల్ని చూసింది. అక్క గుమ్మం దగ్గర కదలకుండా నిలబడింది. పిల్ల లేచి, మోకాలు తుడుచుకుని, చెంబు పట్టుకుని మళ్లీ నీళ్లకు పోయింది. నాకు ఒళ్లు మండింది. అవ్వ నిన్ను వదిలేసిందని నువ్వు దీన్ని వదిలేస్తున్నావా అని అనకూడని మాట అనేశాను. అక్క పిల్ల పోయిన వైపే చూస్తోంది. అప్పుడు ఆమె రెండో చెయ్యి చూశాను. గుమ్మం కొయ్యను ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తెల్లబడ్డాయి.

"అవ్వ నన్ను ఇడిసిపెట్టింది తమ్మీ. నేను దీన్ని ఇడిసిపెడ్తలే, నన్ను నేను పట్టుకుంటున్న. రెండిట్ల జర ఫరకుంది."

అది విన్నప్పుడు మేనకోడలి మీద కూడా కుళ్లు పుట్టింది. అక్కకు దొరికింది ఎవరూ పట్టించుకోకపోతే వచ్చిన స్వతంత్రం. నాకు దొరికింది ప్రేమ నిండిన సంకెల. ఆ పిల్లకు మాత్రం రెండూ ఒక్క చోటే దొరికాయి. పడితే చూసే కళ్లున్నాయి, లేవనెత్తే చెయ్యి లేదు. అట్లా పెరిగితే నేను ఏమయ్యేవాడినో అని ఇప్పటికీ చాయ దుకాణంలో ఒక్కోసారి నవ్విస్తూ నవ్విస్తూ మాట మరిచిపోతాను.

నిరుడు వానాకాలం తర్వాత అక్క కడుపులో గడ్డ అని తెలిసింది. అవ్వను తీసుకుని వెళ్లాను. అక్క చిక్కిపోయి, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అవ్వ పెరుగన్నం కలిపింది. నా ముద్ద నాకు పెట్టబోతుంటే, అక్క మెల్లగా, నలభై ఏళ్ల మనిషి చిన్నపిల్లలా, "అవ్వా, నాకొక ముద్ద పెట్టవే. నువ్వు తమ్మికి పెడ్తుంటే నేను రాట్నం కాడి నుంచి చూసేదాన్ని" అని అడిగింది. అవ్వ చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత అక్క నోటికి ముద్ద అందించింది. అక్క కళ్లు మూసుకుని తిన్నది. అవ్వ ఏడ్చింది, బావ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. అన్నేళ్లూ నేను ఆమెను చూసి కుళ్లుకుంటే, ఆమె నన్ను చూసి కుళ్లుకుందన్నమాట. లెక్క సరిపోయింది.

అక్క పోయాక మూడో రోజు ఇచ్చోడ ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఇల్లంతా మేనకోడలే నడుపుతోంది. పదిహేడేళ్ల పిల్ల, కళ్లు వాచి ఉన్నాయి గానీ చెయ్యి ఆగడం లేదు. చాయ ఎప్పుడు వస్తుందా అని నేను రెండుసార్లు దగ్గాను. మా ఆవిడైతే మొదటి దగ్గుకే తెచ్చేది. ఆ పిల్ల వచ్చి నా ముందు నిలబడింది.

"చాయ పత్తి గా డబ్బల ఉన్నది మామా. చక్కెర పక్కన్నే."

"నీళ్లెన్ని పొయ్యాలె బిడ్డా?"

"తాగేది నువ్వే గద."

ఆ పిల్ల ముఖంలో వెక్కిరింత లేదు. వాళ్లమ్మ ఉట్నూరులో మూట మీద కూర్చున్నట్టే నిలబడింది. లేచి కాచుకున్నాను. చేదుగా ఉంది. తాగాను. ఇంటికొచ్చాక కూడా ఆపలేదు. గిన్నెలో నీళ్లు పోసినప్పుడల్లా అలవాటు లేకపోయినా వేలు పెట్టి చూస్తున్నాను. చాయకు గణుపు కొలత లేదని మా ఆవిడ అంటుంది. ఉండనీయండి. ఆ కొలత ఒక్కటే నాకు మా అక్క ఇచ్చింది, అది కూడా నా వేలితోనే ఇచ్చింది. ఈ చాటింపు అందుకే.

ఇంతవరకు రాసి ఒకసారి చదువుకుంటే, పెరుగన్నం దగ్గర కలం మొరాయిస్తోంది. ఊళ్లో ఎన్ని అబద్ధాలు పుట్టించినా నాకు ఎన్నడూ ఇట్లా గుచ్చుకోలేదు. ఆ ముద్ద సంగతి నేను కల్పించింది. అక్క అడగలేదు. రాట్నం దగ్గర నుంచి చూసేదాన్నని అనలేదు. ఎవరూ ఏడవలేదు. బతికినంత కాలం ఆమె నన్ను చూసి ఒక్కసారైనా కుళ్లుకుందని, కనీసం దీన్ని చదివిన మీరైనా అనుకోవాలని రాశాను. ఆమె కుళ్లుకోలేదు. నాలో కుళ్లుకోవడానికి ఆమెకు ఏమీ కనిపించలేదు.

జరిగింది ఇది. అవ్వే, అడక్కుండానే, ఆ రోజు మొదటి ముద్ద నా వైపు కాకుండా అక్క వైపు చాపింది. ముసలి చెయ్యి గాలిలో ఆగింది. అక్క ఆ ముద్దను చూసింది, అవ్వ ముఖం చూసింది. వద్దనలేదు, నోరూ తెరవలేదు. పోగులు కోసి గీతలు పడ్డ తన అరచెయ్యి అవ్వ చేతి కింద పట్టింది. అవ్వ ముద్ద అందులో పెట్టింది. అక్క తన చేత్తో తనే తిన్నది, మెల్లగా, అరచేతికి అంటుకున్న ఆఖరి మెతుకు దాకా.